తృప్తయ్య భార్య

పరుపులు కుట్టే ఆయనకి సంఘంలో తృప్తయ్య అని పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదది. ఒక ఆదివారం ఆరాధనలో ఆయన ఉన్నదాంతో తృప్తిగా బతకడం గురించి సాక్ష్యం చెబితే, పాస్టరుగారు ముచ్చటపడి "విన్నారా మన తృప్తయ్యగారి మాట!" అన్నారు. అంతే, ఆ పేరు ఆయనకి అతుక్కుపోయింది. "అబ్బే, అంతంత మాటలెందుకండీ" అని పైకి అనేవాడు గాని, వీధిలో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు. రెండోసారి కూడా పిలిపించుకుని, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. ఆయన భార్యని తృప్తమ్మ అని ఒకరిద్దరు పిలిచి చూశారు. ఆవిడ పలకలేదు. వినిపించలేదేమోలే అనుకుని ఊరుకున్నారు.

శనివారం పొద్దున హాస్టలు కట్టిస్తున్న ఆయన వచ్చేసరికి తృప్తయ్య ముందుగదిలో చాప మీద కూర్చుని కొత్త పరుపుకి అంచు కుడుతున్నాడు. బొటనవేలితో గుడ్డని నొక్కిపట్టి, మూరెడు సూదిని అటునుంచి ఇటు పొడిచి, మైనం రాసిన దారాన్ని చెవిదాకా లాగి బిగిస్తున్నాడు. అంచు ఎక్కడా వంకర పోదు. ఆయన కుట్టిన పరుపు ఏళ్ళు గడిచినా మూలలు జారదని పేరు.

వెనకగదిలో ఆయన భార్య పాత పరుపు విప్పుతోంది. ఎవరింట్లోనో ఎంతకాలం వాడారో, లోపలి దూది గట్టి ఉండలు కట్టిపోయింది. ఆ ఉండల్ని చేత్తో పీకి, కర్రతో కొట్టి, ఏకే యంత్రంలో వేస్తే మళ్ళీ పాలపొంగులా పొంగుతుంది. కాకపోతే పొంగేముందు లోపలి దుమ్మంతా గాలిలోకి లేస్తుంది. కిటికీ తీస్తే దూది ఎగిరి పక్కవాళ్ళ వాకిట్లో పడుతుందని, అది ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆ గదిలోనే ఒక మూల స్టవ్వు, ఇంకో మూల మంచం. యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆవిడ దగ్గు ఆ చప్పుడులో కలిసిపోయేది. యంత్రం ఆపినప్పుడే వినిపించేది.

"కొత్త హాస్టలు కడుతున్నామండి," అన్నాడు వచ్చినాయన, నిలబడే. "మంచాలు వచ్చేశాయి. పరుపులన్నీ మీ చేతే కుట్టిద్దామని మావాళ్ళ కోరిక. సగం డబ్బు ముందే ఇస్తాం."

"ఎన్ని?"

ఆయన చెప్పాడు. తృప్తయ్య సూది ఆగింది. యంత్రం కూడా ఆగింది.

ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. జుట్టు మీదా కనుబొమల మీదా దూది పేరుకుని, ఉన్నవయసుకి ఇంకో ఇరవై ఏళ్ళు తగిలించినట్టుంది.

"ఎదురు వీధిలో ఆ పాత షెడ్డు ఖాళీగానే ఉంది కదండీ," అంది మెల్లిగా. "ముందు ఇచ్చే డబ్బుతో అది అద్దెకి తీసుకుంటే, ఈ దూది పనంతా అక్కడ పెట్టుకోవచ్చు. ఇల్లు ఇల్లులా ఉంటుంది."

తృప్తయ్య ఆవిడకేసి చూడలేదు. హాస్టలాయనకేసి చూసి నవ్వాడు. "చూశారా? ఇంకా డబ్బు కంటికి కనపడనేలేదు, అప్పుడే షెడ్డు లేచిపోయింది. ఇంతకింత, అంతకంత, ఇక దానికి హద్దుండదండి. మా ఇద్దరి పొట్టలకి ఎంత కావాలో అంత దేవుడిస్తున్నాడు. నాకీ ఆర్డరు వద్దు."

"మంచి బేరం వదులుకుంటున్నారు."

"బేరాలు వదులుకుంటేనే మనసు నిలబడేది."

హాస్టలాయన కాసేపు ఆయన్నీ, గుమ్మంలో ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి," అని వెళ్ళిపోయాడు.

ఆవిడ గుడ్డ మళ్ళీ మూతికి కట్టుకుంది. యంత్రం తిరగడం మొదలైంది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రమ్మంటే తృప్తయ్యే ముందు లేచాడు. రాత్రంతా నెమరేసుకున్న మాటలాయె, ఒకదాని వెనక ఒకటి బారులు తీరి వచ్చాయి. పెద్ద ఆర్డరు తన గుమ్మంలోకి నడిచి రావడం, సగం డబ్బు ముందే ఇస్తాననడం, తను వద్దనడం అన్నీ చెప్పాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. జనం తలలూపుతుంటే ఆయనకి ఇంకొంచెం చెప్పాలనిపించింది.

"అపవాది, ఆ సాతాను, ఎక్కడినుంచి వస్తాడనుకుంటున్నారు? బయటి గుమ్మంలోంచి పొమ్మంటే వంటింటి గుమ్మంలోంచి వస్తాడు. మా ఆవిడ చేతిలో కర్రతోనే వచ్చి నిలబడి, 'ఏవండీ, షెడ్డు తీసుకుందాం' అంది. నిన్న షెడ్డు, ఇవాళ మేడ, రేపు ఏమడిగేదో!"

జనం గొల్లుమన్నారు. పాస్టరుగారు కూడా నవ్వారు. ఆడవాళ్ళ వరసల్లో కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ చిట్టచివరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చుని ఉంది. దగ్గు వస్తే బయటికి వెళ్ళడానికి వీలుగా ఉంటుందని ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఆవిడ కూడా నవ్వుతున్నట్టే కనిపించింది.

ఆరాధన అయ్యాక మెట్ల మీద ఆయన చుట్టూ మనుషులు మూగారు. ఒకాయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ ఊపులో తృప్తయ్య, అనాథాశ్రమంలో పిల్లలకి దిండ్లు లేవని ఎవరో అంటే, "దానికేముంది, నేను కుట్టిస్తాను. పైసా తీసుకోను," అనేశాడు. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ వెనకబడింది. దీపస్తంభాన్ని పట్టుకుని ఒకసారి, మందుల షాపు అరుగు దగ్గర ఒకసారి ఆగింది.

"కోపమా?" అన్నాడాయన.

"కాదండీ. ఒక్క క్షణం ఆగండి."

"సణుగుడు మంచిది కాదు. మనసులో సణుక్కున్నా సణుగుడే."

ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "అందరిలో నా మాట ఎందుకు ఎత్తారు?"

"నీ పేరు చెప్పలేదు కదా!"

"మీ ఆవిడ అన్నారు. మీకున్నది నేనొక్కదాన్నే కదండీ."

ఆ మాటకి ఆయనకి నవ్వొచ్చింది. వచ్చే వారం చెప్పడానికి ఇదీ బాగానే ఉంటుందనుకున్నాడు. ఆ మధ్యాహ్నం మంచం మీద వాలి, పొద్దున ఎవరెవరు తలూపారో ఒక్కొక్క మొహాన్నీ గుర్తుచేసుకున్నాడు. కొసరు కోసం మళ్ళీ మొదటినుంచి గుర్తుచేసుకున్నాడు. పక్కన ఆవిడ గోడకి చేరగిలబడి, పడుకోకుండా కూర్చునే కునుకు తీస్తోంది. ఈ మధ్య అలాగే నిద్రపోతోంది. వయసు మీద పడ్డాక ఎవరి తీరు వాళ్ళదనుకున్నాడు.

సోమవారం పొద్దున బజారు పని ఉందని ఆవిడ బయటికి వెళ్ళి ఆలస్యంగా వచ్చింది. ఏం తెచ్చావంటే ఏమీ నచ్చలేదంది. వచ్చీ రాగానే అనాథాశ్రమం దిండ్ల పనికి కూర్చుంది. ఉచితంగా ఇచ్చేవి కాబట్టి కొత్త దూది పెట్టడం ఎందుకని, ఆయన ఎప్పటినుంచో మూలన పడేసిన పాత దూది మూట విప్పించాడు. చెమ్మకి ముక్కిపోయిన మూట అది. విప్పగానే ముందుగదిలో ఉన్న ఆయనకే గొంతు గరగరలాడింది. లేచి నడిమి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

అలా రెండ్రోజులు. ఆవిడ ఏకిన దూది గంపలకెత్తి గుమ్మం దగ్గర పెట్టేది. ఆయన దాన్ని గలీబుల్లో కూరి మూతి కుట్టేవాడు. దిండ్లు ముద్దుగా వస్తున్నాయి. వాటిని గోడవారగా పేర్చుకుంటూ, పిల్లలు బుగ్గలానించి పడుకున్నట్టు ఊహించుకుంటే ఆయన మనసు చల్లబడేది.

బుధవారం భోజనాల వేళ ఒక దిండు కుడుతూ ఆయన తలెత్తాడు. యంత్రం తిరుగుతూనే ఉంది. అయితే ఆ చప్పుడులో ఏదో తేడా. దూది పడుతుంటే దానికి ఒక బరువు గొంతు ఉంటుంది. ఇప్పుడది ఉత్తినే తిరుగుతోంది. "దూదెయ్యకుండా దాన్ని తిప్పితే పళ్ళు అరిగిపోతాయే!" అని కేకేశాడు. పలుకు లేదు. దారం తెంపి, సూది గలీబుకి గుచ్చి, అప్పుడు లేచాడు.

ఆవిడ దూది కుప్ప మీద పక్కకి ఒరిగి ఉంది. అలిసి పడుకుందనుకున్నాడు. మూతి మీద గుడ్డ తీసి చూస్తే పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఛాతీ గబగబా ఎగిరెగిరి పడుతోంది, లోపలికి మాత్రం గాలి పోవడం లేదు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన్ని చూసి ఏదో చెప్పబోయి, యంత్రం వైపు వేలు చూపించింది. ఆపమని.

ఆసుపత్రిలో ఆవిడ మొహానికి ఆక్సిజన్ గొట్టం తగిలించారు. డాక్టరమ్మ చిన్నపిల్లే. కసురుకోలేదు, కంగారూ పెట్టలేదు.

"దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"ఈ మధ్యనేనండి. గాలి మార్పుకి," అన్నాడు తృప్తయ్య.

పడక మీదనుంచి ఆవిడ చెయ్యెత్తి, కాదన్నట్టు అటూ ఇటూ ఆడించింది. ఆ చేతిని డాక్టరమ్మ పట్టుకుని మెల్లిగా దుప్పటి మీద పెట్టింది.

"మీరేం పని చేస్తారు?"

"పరుపులు కుడతామండి. ఇద్దరం కలిసే చేస్తాం."

"కలిసి అంటే? దూది ఏకేదెవరు?"

"దాని చేతికి దూది బాగా మాట వింటుందండి," అన్నాడు చివరికి. ఎన్నో ఏళ్ళుగా అందరికీ చెప్పే మాటే. చెప్పాక తన చెవికే అదోలా వినిపించింది.

ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి ఆయనకి కూడా ఛాతీ ఫోటో తీయించమంది. సాయంత్రానికి రెండు ఫోటోలూ వెలుతురుకి ఎదురుగా పక్కపక్కన తగిలించింది. ఒకదాంట్లో రెండు పక్కలా నల్లగా, ఖాళీగా ఉంది. రెండోదాంట్లో కిందనుంచి పైదాకా తెల్లగా పొగమంచు కమ్మినట్టుంది.

"మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మీకేం భయం లేదు," అంది డాక్టరమ్మ. "ఆవిడవి ఇక బాగుపడవు. దూది జోలికి పోకపోతే ఉన్నవాటితో కొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. ఆ ఇంటికి మాత్రం ఆవిడని తీసుకెళ్ళకండి."

ఇలాంటప్పుడు ఆయన నోట దానంతట అదే స్తోత్రం వచ్చేది. ఆ రోజు రాలేదు. ఆ నల్లటి ఫోటోకేసే చూస్తూ నిలబడ్డాడు. తలుపు దగ్గరగా వేసుకున్నది తనేనని ఆ ఫోటో చూసినవాళ్ళందరికీ తెలిసిపోతుందేమోననిపించింది.

రాత్రి పడకముందే వదినగారు వచ్చింది. ఆవిడ ఆయన భార్యకి అక్క, మొగుడు పోయాక బట్టలు ఇస్త్రీ చేసుకుని బతుకుతున్న మనిషి. చెల్లెలి నుదురు నిమిరి, దుప్పటి సర్ది, ఆయన్ని నడవాలోకి రమ్మంది.

"దీన్ని మా ఇంటికి తీసుకుపోతాను మరిదీ. మేడమీద గది ఉంది, గాలి వస్తుంది."

"మీకు భారం కదా వదినా. దేవుడు ఏదో ఒక దారి—"

"దేవుణ్ణి కాసేపు ఉండనివ్వండి." ఆవిడ గొంతు పెంచలేదు. "డబ్బు మీద ఆశ లేకపోవడం మంచిదే, కాదనను. మీకు అక్కర్లేదు, మీరు వదులుకున్నారు. దాని ఊపిరి వదులుకోవడానికి మీరెవరు?"

ఆయన తల దించుకున్నాడు. వదినగారి వేళ్ళ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలు కనిపించాయి. ఆ మచ్చల్ని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన హాస్టలాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. కట్టుబడి ఇంకా పూర్తి కాలేదు, మెట్లకి సిమెంటు పూస్తున్నారు. ఇటుకల మధ్యలో నిలబడే మాట్లాడాడు. ఆర్డరు తీసుకుంటానన్నాడు. షెడ్డు అద్దెకి తీసుకుంటానని, యంత్రాన్ని అక్కడికి మారుస్తానని, పనికి మనుషుల్ని పెడతానని గబగబా చెప్పుకుపోయాడు.

హాస్టలాయన ఇబ్బందిగా చూశాడు. "నిన్న సాయంత్రమే వేరేవాళ్ళకి ఇచ్చేశానండి. అప్పటిదాకా ఆగానంటే కూడా మీ ఆవిడ కోసమే."

"మా ఆవిడా?"

"సోమవారం వచ్చారు కదా. మీకు తెలీదా? ఇక్కడే ఆ దుంగ మీద చాలాసేపు కూర్చున్నారు. ముందు మాటే రాలేదు పాపం, నీళ్ళిచ్చాను. ఇంకో రెండు రోజులు ఆగమని అడిగారు. 'మా ఆయన మంచాయనండీ, మొదట వద్దంటారు, తరవాత నేను అడగకుండానే ఒప్పుకుంటారు' అన్నారు." ఆయన ఆగి, "ఎలా ఉన్నారు?" అన్నాడు.

తృప్తయ్య ఆ దుంగకేసి చూశాడు. సున్నం మరకలు పడి ఉంది. దాని మీద కూర్చోబోయి, మానుకున్నాడు.

శుక్రవారం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. ముందుగదిలో చాప మీద కూర్చున్నారు. నడిమి తలుపు బార్లా తీసి ఉంది. యంత్రం చుట్టూ దూది ఎలా ఉన్నది అలాగే ఉంది. తృప్తయ్య దాన్ని ఊడవలేదు, ముట్టుకోలేదు.

"నన్ను ఆ పేరుతో పిలవకండి అయ్యగారూ," అన్నాడు.

పాస్టరుగారు చేతిలో బైబిలు చాప మీద పెట్టారు. "ఆ ఆదివారం నేను కూడా నవ్వాను," అన్నారు తరవాత. "ఇంటికెళ్ళి బైబిల్లో ఆ భాగం మళ్ళీ చదువుకున్నాను. ఉన్న స్థితిలో తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అపొస్తలుడు చెరసాలలోంచి రాసింది తన సంగతి. సంకెళ్ళు ఆయన చేతులకే ఉన్నాయి. ఇంకొకరి చేతులకి సంకెళ్ళు వేసి నేర్చుకోమనలేదు. అది నేను చెప్పి ఉండాల్సింది."

"నేను డబ్బు మీద ఆశపడలేదండి. నిజం."

"తెలుసు."

"మరి దేనికి ఆశపడ్డాను?"

పాస్టరుగారు చూపు తిప్పుకున్నారు. ఆయనకి తెలియక కాదని తృప్తయ్యకి అర్థమైంది. లేచేటప్పుడు ఆయన ప్రార్థన చేద్దామంటే, తృప్తయ్య వద్దనలేదు, కళ్ళు మాత్రం మూసుకోలేదు. గోడవారగా పేర్చిన దిండ్ల మీదే ఆయన చూపు నిలిచిపోయింది.

ఆదివారం ఆరాధన కాగానే, ఎవరితోనూ మాట్లాడకుండా, భార్య బట్టలు మూటకట్టుకుని వదినగారింటికి వెళ్ళాడు. ముందురోజు ఆ బట్టలన్నీ ఉతికి, ఆరేసి, ఒక్కొక్కటీ దులిపాడు. తను కూడా తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మేడమెట్లు ఎక్కుతూ చొక్కా సర్దుకున్నాడు, పెళ్ళిచూపులకి వెళ్తున్నవాడిలా.

గదికి రెండు కిటికీలు. రెండూ తీసి ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని వదినగారికి చొక్కాల గుండీలు పెడుతోంది. జుట్టు నల్లగా ఉంది. ఆవిడ జుట్టు ఇంకా అంత నల్లగా ఉందని ఆయనకి తెలియనే తెలియదు.

"వచ్చారా, రండి," అంది.

ఆయన దగ్గరికి వెళ్ళి మూట ఒడిలో పెట్టాడు. ఆవిడ ముడి విప్పింది. ఒక్క క్షణం బాగానే ఉంది. ఆ తరవాత దగ్గు మొదలై, ఆవిడని కుర్చీలోనే రెండుగా వంచేసింది. వదినగారు పరుగున వచ్చి మూట లాక్కుని బయట వసారాలో పడేసింది. నీళ్ళు పట్టింది. వీపు రాసింది. తృప్తయ్య, భార్య భుజం మీద చెయ్యి వెయ్యబోతే ఆవిడ వెనక్కి జరిగింది, విసుగుతో కాదు, ఊపిరి కోసం.

"ఏమనుకోకండి మరిదీ," అంది వదినగారు. "మీ ఒంటికీ ఆ వాసనే ఉంది. ఉతికితే పోయేది కాదు. అక్కడ, గుమ్మం దగ్గర కూర్చోండి."

పీట తెచ్చి గుమ్మం అవతల వేసింది. ఆయన కూర్చున్నాడు. వదినగారు కిందికి వెళ్ళిపోయింది. గది ఈ చివరనుంచి ఆ చివరకి మాట్లాడుకోవలసి వచ్చింది.

"హాస్టలాయన దగ్గరికి వెళ్ళాను," అన్నాడు.

ఆవిడ గుండీకేసి చూసింది. "చెప్పాడా?"

"చెప్పాడు."

"మీకు తెలీకుండా వెళ్ళడం నా తప్పే."

"కాదు." ఆయన పీట అంచు పట్టుకున్నాడు. "ఆ పని మానేస్తాను. యంత్రం అమ్మేస్తాను. ఇల్లు మారదాం."

"మానేసి ఏం చేస్తారండీ? సూది పట్టుకోవడం తప్ప మీకేం వచ్చు?" ఎగతాళి లేదు ఆ గొంతులో. ఆయన చొక్కా చిరిగిందని చెప్పినప్పుడు ఉండే శ్రద్ధే ఉంది. "కుడుతూనే ఉండండి. మీ కుట్టు మంచిది. ఏకడం మాత్రం ఇంకెవరిచేతా చేయించకండి. మిల్లులో ఏకిన దూది కొనుక్కోండి, రెండు పరుపులు తక్కువైతే అయ్యాయి."

"సరే."

"మూతికి గుడ్డ కట్టుకోండి."

"సరే." ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెట్టుకున్న చోట ఉంచలేక తీసేశాడు. "నీకేం కావాలో చెప్పు. ఏదైనా సరే చెప్పు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోతున్నారు. చాలాసేపు చూసి, సిగ్గుపడినట్టు నవ్వింది. "టకీమని అడిగితే ఏం చెప్పను? అలవాటు పోయింది."

"కోపం ఉంటే తిట్టు."

"లేదండీ. కోపం ఉంటే పోట్లాడటానికైనా తిరిగి వచ్చేదాన్ని." సూదిలో దారం ఎక్కించి, ముడివేసి, పంటితో తుంచింది. "ఇక్కడ పొద్దున లేచేసరికి ఊపిరి దానంతట అదే వస్తోంది. నేను పట్టుకుని లాగక్కర్లేదు. వెల్లకిలా పడుకుంటున్నాను తెలుసా? ఎన్నాళ్ళయిందో అలా పడుకుని. నన్ను ఇక్కడే ఉండనివ్వండి."

"కొన్నాళ్ళా?"

ఆవిడ గుండీ కుట్టడం పూర్తిచేసింది. చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఇంకో చొక్కా తీసుకుంది.

"ఆదివారాలు వస్తూ ఉండండి," అంది.

ఆయన లేచాడు. మెట్లు దిగుతుంటే పైకి వస్తున్న వదినగారు పక్కకి తప్పుకుని దారిచ్చింది. వీధిలోకి వచ్చాక అక్కడే, ఆ ఇంటి ప్రహరీ పక్కన ఆగిపోయాడు. ఇంకా ఎండ పోలేదు. పైన కిటికీలోంచి అక్కాచెల్లెళ్ళ మాటలు వినిపిస్తున్నాయి గాని ఏమంటున్నారో తెలియడం లేదు. వదినగారు ఏదో అంది. ఆయన భార్య నవ్వింది. నోటికి అడ్డం ఏమీ పెట్టుకోకుండా, మధ్యలో తెగకుండా, చివరిదాకా నవ్వింది.

ఇన్నేళ్ళ ప్రార్థనల్లో ఆయన దేవుణ్ణి ఏనాడూ ఏమీ కోరలేదు. ఇచ్చినదానికి వందనాలు చెప్పి లేచేవాడు. కోరకపోవడమే గొప్పనుకునేవాడు. ఆ వీధిలో, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, ఆయన గోడకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమెని నాకు మళ్ళీ ఇయ్యి అన్నాడు. అన్నాక, పైనుంచి ఆ నవ్వు ఇంకోసారి వినిపించింది. అన్న మాట వెనక్కి తీసుకుని, అక్కడే ఉండనియ్యి అని మార్చుకుని, ఇంటి దారి పట్టాడు.